ఈదమ్మ ముక్కు పైపు

యాసంగి పంటకాలం వచ్చిందంటే ఎల్లేశంకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. కట్టంగూర్‌లో సర్వీసు రోడ్డు పక్కన అతనిది మోటర్ల దుకాణం. బోరు మోటరు కాలిపోతే పాత తీగ కోసి తీసేసి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. వరి పొట్ట మీదుండే మార్చి నెలలో ఒక్కరోజు నీళ్ళాగినా రైతు ప్రాణం కొట్టుకుంటుంది కాబట్టి, మోటరు తెచ్చినవాడు తెచ్చినట్టే దుకాణం ముందు కూర్చుంటాడు. అట్లాంటి మార్చిలో, రెండువేల ఇరవై మూడులో, ఎల్లేశం రోజుకు ఆరుసార్లు పని మధ్యలో లేచి, చేతులకంటిన వార్నిష్ కిరోసిన్‌తో వదిలించుకుని, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, దుకాణం వెనకనున్న ఇంట్లోకి వెళ్ళి, తల్లి ముక్కులోని పైపుకు సిరంజి తగిలించి జావ పోయవలసి వచ్చింది.

తల్లి పేరు ఈదమ్మ. అరవై మూడేళ్ళు. మొగుడు చనిపోయాక ఇరవై ఏళ్ళు నాట్లకూ కలుపులకూ పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. బుగ్గన తంబాకు లేకుండా ఆమె మడిలో కాలు పెట్టిన రోజు లేదు. దసరా దాటాక గొంతులో ముల్లు గుచ్చినట్టుంటోందని మొదలైంది. నాలుక మొదట్లో గడ్డ అని తేలేసరికి నెల గడిచింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టారు. రేడియేషన్‌కు ఊళ్ళో అందరూ అనే మాట అదే. గడ్డ కరిగింది గానీ గొంతు లోపలంతా పుండై, ఉమ్మి మింగడం కూడా గండమైంది. ముక్కులోంచి కడుపులోకి సన్నని పైపు వేసి, పుండు మానేదాకా తిండీ నీళ్ళూ మందులూ అన్నీ ఇందులోంచేనని చెప్పి ఫిబ్రవరి మొదట్లో ఇంటికి పంపారు.

పంపేముందు వార్డులో సిస్టర్ ఎల్లేశంను పక్కన నిలబెట్టుకుని నేర్పింది. ముక్కు దగ్గర పైపు మీదున్న గుర్తు జరిగిందో లేదో ప్రతిసారీ చూడాలి. పేషెంటును కూర్చోబెట్టాలి. సిరంజి లోపలి కడ్డీ తీసేసి, గొట్టంలో జావ పోసి పైకి పట్టుకుంటే దానంతట అదే దిగాలి, తోయకూడదు. ముందూ వెనకా మంచినీళ్ళు పోసి పైపు కడగాలి. పోశాక అరగంట పడుకోనివ్వకూడదు. ఎల్లేశం అన్నీ విని తలూపాడు. నీళ్ళూ పైపులూ తనకు తెలిసిన సంగతులే కదా అనుకున్నాడు. ఆ పైపుకు అటు చివర ఉన్నది తన తల్లి అన్న సంగతి అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

భార్య స్వరూప గురుకుల హాస్టల్‌లో వంట చేస్తుంది. పొద్దున ఆరుగంటలకు పోతే మళ్ళీ రాత్రి భోజనాలు పెట్టాకే రావడం. అక్క సైదమ్మ మోత్కూర్‌లో ఉంటుంది. ఆమె వంతు సాయం ఫోనులో వస్తుంది.

"తమ్మీ, అమ్మకు బాదంపప్పు నూరి పోస్తున్నవా?"

"పోస్తున్ననే."

"ఖర్జూరం?"

"అక్కా, అది పైపు. కడుపు నింపనీకి ఇచ్చిండ్రు గానీ కిరాణ దుకాణం పెట్టనీకి గాదు."

"నీకు కోపమెక్కువ," అని సైదమ్మ ఫోను పెట్టేసేది. మళ్ళీ సాయంత్రం చేసేది.

కానీ అసలు తలనొప్పి అక్క కాదు. ఈదమ్మకు గొంతు బొంగురుపోయింది కానీ మాట ఆగలేదు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, ముక్కు కింద ప్లాస్టరుతో, చెంప మీదుగా చెవి వెనక్కి పోయిన పైపుతో, సిరంజిలోకి చూసేది.

"ఏందిర గిది?"

"రాగిజావ."

"పొద్దున ఏం బోసినవ్?"

"రాగిజావ."

"నిన్న?"

"అమ్మా, నీకు తెల్వదా?"

"నేనేమన్న పసిపిల్లనార, తెల్లారితే జావ, పొద్దుగూకితే పాలు! మీరు పొద్దుగాల్ల గోంగూర వండుకున్నరు. వాసనొస్తాంది. గదింత పొయ్యి."

"గోంగూర పైపుల ఎట్ల పోస్తరే!"

"మిక్సీల ఏసి తిప్పు. కడుపుకు నోరున్నదా, పుల్లగున్నదా కారమున్నదా అనెతందుకు? గోంగూర వోయిందని నాకు తెలుస్తె సాలు."

రోజూ ఇదే వాదన. పైపులోంచి పోతే రుచి తెలియదు కదా అంటే, తెలియకున్నా మనసుకు తెలుస్తుంది అనేది. సరే మనసుకే కదా అని ఒకరోజు జావ పోస్తూ "ఇది సింతపండు పులుసు" అన్నాడు. ఆమె సిరంజిలోకి వంగి చూసింది. తర్వాత "తల్లికి అబద్ధం జెప్తున్నవ్" అని మధ్యాహ్నం దాకా తిట్టింది. ఈలోగా బయట ముత్యాలమ్మగూడెం జానయ్య, కాలిన మోటరు వేసుకుని పొద్దున్నుంచి కూర్చున్నవాడు, లోపలికి కేకేశాడు.

"ఎల్లేశం! నా మడి ఎండుతాంది రా అయ్యా!"

"అరగంట, మామా! పోసినంక అరగంట కూసోపెట్టాలె. లేకుంటే ఒరిగి పండుకుంటది."

"నేను పండుకోకుంట జూస్త, నువ్వొచ్చి మోటరు జూడు," అని జానయ్య లోపలికి వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ఎల్లేశం సగం కాయిల్ చుట్టి వచ్చి చూసేసరికి ఈదమ్మ ఒరిగి పడుకుంది, జానయ్య కుర్చీలోనే గురక పెడుతున్నాడు.

ఎల్లేశం ఇద్దరినీ లేపి ఇద్దరినీ తిట్టాడు.

మార్చి మూడోవారంలో రాగితీగ అయిపోయి అతను నల్గొండకు పోవలసి వచ్చింది. పొద్దున పదింటికి జావ పోసి, ఒంటిగంటలోపు వస్తానని చెప్పి, పక్కింటి గోవిందమ్మను జర చూస్తుండమని అడిగాడు. గోవిందమ్మ, ఈదమ్మ ఇరవై ఏళ్ళు ఒకే ముఠాలో నాట్లేసినవాళ్ళు. అతను తిరిగి వచ్చేసరికి ఇల్లు మామూలుకంటే నిశ్శబ్దంగా ఉంది. ఈదమ్మ జావ గురించి ఒక్కమాట అనకుండా బుద్ధిగా కూర్చుంది. అక్కడే ఎల్లేశంకు అనుమానం వచ్చింది.

ముందుగా కడగడానికి నీళ్ళు పోశాడు. నీళ్ళు సిరంజిలోనే నిలిచాయి. పైకెత్తాడు, కిందికి దించాడు. చుక్క కదలలేదు. పైపును వెలుతురుకు పట్టి చూస్తే లోపల ఎర్రగా, గింజలు గింజలుగా ఏదో ఉంది.

"ఏం బోసిండ్రు?"

ఈదమ్మ కిటికీ వైపు చూసింది.

"అమ్మా, నిన్నే. ఏం బోసిండ్రు?"

"గోవిందక్క ఇంట్ల మటన్ అయితే..."

"మటనా!"

"తునకలు గాదు బిడ్డా. శెర్వల ఇంత బువ్వ కలిపి మిక్సీల మెత్తగ తిప్పింది. సగందాక మంచిగనే వోయింది."

ఎల్లేశం గోడ దూకినంత వేగంగా గోవిందమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. "నాకేమెర్క కొడకా," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రెండు నెలలాయె, నోట్ల మెతుకు లేదు, చచ్చిపోత గని కడుపుకన్న సూపియ్యే అని సేతులు వట్టుకున్నది. నేను కాదని ఎట్ల అందు?" ఎల్లేశం వెనక్కి తిరిగాడు. ఆమెను తిట్టడానికి కూడా లేకుండా పోయినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

గంటసేపు గోరువెచ్చని నీళ్ళతో సిరంజిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాడు. లాభం లేదు. సైదమ్మ ఫోనులో కొబ్బరినీళ్ళు పోయమంది. జానయ్య మోటరు కోసం మళ్ళీ వచ్చి, సంగతి విని, "సన్న తీగ వెట్టి ఒక్క పొడుపు పొడువరాదు? నీ దగ్గర లేని తీగనా?" అన్నాడు. నిజమే, చెయ్యి చాపితే అన్ని సైజుల తీగా ఉంది. ఎల్లేశం ఒకసారి ఆ చుట్టల వైపు చూశాడు కూడా. భయం వేసి దవాఖాన సిస్టర్‌కు ఫోను చేశాడు.

"తీగ గీగ పెట్టిండ్రంటే పైపు చిరిగి లోపల గాయమైతది," అని ఆమె గట్టిగా చెప్పింది. "మీరు గుంజుడు, మళ్ళ ఎక్కిచ్చుడు కూడ చెయ్యొద్దు. దగ్గర ఏ దవాఖాన ఉంటె ఆడికి తీస్కపోండ్రి."

అప్పుడే తిరిగి వచ్చిన నల్గొండకే మళ్ళీ తల్లితో ఆటోలో బయలుదేరాడు. దారి పొడుగునా ఒక్కమాట మాట్లాడలేదు. ఈదమ్మ రెండుసార్లు "ఎండ బాగున్నది" అంది.

దవాఖానలో పాత పైపు తీసేసి కొత్తది వేయడానికి ఒక సిస్టర్ వచ్చింది. తల కొంచెం ముందుకు వంచి కదలకుండా పట్టుకొమ్మని ఎల్లేశంకు చెప్పింది. అతను రెండు చేతులతో తల్లి తల పట్టుకున్నాడు. కరెంటుకు వెనకవైపు జుట్టు రాలి, మెడ నల్లగా కమిలి ఉంది. తల అతని అరచేతుల్లో అంత తేలిగ్గా, అంత చిన్నగా ఉంటుందని అతను అనుకోలేదు. పైపు ముక్కులోంచి గొంతు దాకా వచ్చింది.

"గుటక మింగమ్మా! మింగితెనే లోపలికి దిగుతది. ఉత్త గుటకనే, మింగు!"

ఈదమ్మ మింగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, కొడుకు చొక్కా గుప్పిట పట్టుకుంది. సిస్టర్ ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మూడోసారికి దింపగలిగింది. కడుపులో సరిగ్గా ఉందో లేదో ఎక్స్‌రే తీసి చూసి పంపించారు. నొప్పికి అట్లా బిగుసుకుందనుకున్నాడు ఎల్లేశం. రెండు రోజులు ఆమెతో సౌమ్యంగా ఉన్నాడు. మూడోరోజు ఆమె గోంగూర సంగతి ఎత్తింది.

నెలాఖరుకు హైదరాబాద్ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆహారం సంగతి చెప్పే మేడమ్‌ను ఎల్లేశం విసుగుతోనే అడిగాడు. ఇంట్లో వండింది పోయవచ్చా, మా అమ్మ నన్ను బతకనిస్తలేదు అని. పలుచగా చేసి, సన్నని జల్లెడలో రెండుసార్లు వడకడితే పప్పు, కూరగాయలు, బాగా ఉడికిన మాంసం కూడా పోయవచ్చునని, పోశాక నీళ్ళు ఎక్కువ పోయాలని ఆమె చెప్పింది. ఈదమ్మ కొడుకు వైపు చూసిన చూపుకు అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

అప్పటినుంచి స్వరూప పొద్దున నాలుగింటికే లేచి వండి పెట్టి పోయేది. వడకట్టే పని ఎల్లేశంది. పాలకూర పప్పు ఒకసారి మిక్సీలో, రెండుసార్లు జల్లెడలో. జల్లెడ అడుగున మిగిలిన పిప్పి చూసి ఈదమ్మ "సగం కూర పారబోస్తున్నవ్" అనేది. వడకడితే పలుచన అనేది, వడకట్టకుంటే మళ్ళీ నల్గొండ పోవాలి. దుకాణం ముందు ఐదు మోటర్లు పేరుకున్నాయి. ఇద్దరు రైతులు విసిగి నకిరేకల్‌కు తీసుకుపోయారు.

ఏప్రిల్ చివర్లో డాక్టరు గొంతు లోపల చూసి, పుండు మానిందన్నాడు. మింగడం పరీక్ష చేసే గదిలో ఒక చిన్న వయసు మేడమ్ ఈదమ్మకు చెంచాతో చిక్కటి పెరుగు ఇచ్చి, గొంతు మీద వేళ్ళు పెట్టి చూసింది. ఈదమ్మ చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, చివరకు మింగింది. దగ్గు రాలేదు. "బాగనే పోతుంది అమ్మా. ఇంటికాడ గడ్డం కిందికి వంచి, చెంచా చెంచా చిక్కటివి మింగు. రోజు ఇంత పెంచు. నెలలో పైపు తీసేస్తం," అంది మేడమ్.

ఎల్లేశంకు నెత్తి మీది బండ దించినట్టయింది. బస్సులోనే సైదమ్మకు ఫోను చేసి చెప్పాడు. ఇంటికి రాగానే స్వరూప సెలవు పెట్టి మరీ మెత్తగా అన్నం వండి, పెరుగు కలిపి గిన్నెలో పెట్టింది. ఈదమ్మ గిన్నె చూసింది.

"రేపు తింట."

రేపు వచ్చింది. పళ్ళు సలుపుతున్నాయంది. ఎల్లుండి నోరంతా మన్ను బుక్కినట్టుందంది. ఆ తర్వాత ఉప్పు మండుతోందంది. ఉప్పు లేకుండా పెడితే ఉప్పు లేదంది. వారమైంది, పది రోజులైంది. చెంచా నోటిదాకా వచ్చేసరికి పెదాలు మూసుకునేది. పైపులో పోయడానికి మాత్రం ముక్కు ముందుకు చాపి కూర్చునేది.

"పైపే మంచిగున్నది. గీ పైపుల పొయ్యి," అంది ఒక మధ్యాహ్నం.

ఎల్లేశంకు ఇక పట్టలేదు. బయట నలుగురు రైతులు కూర్చున్నారని కూడా చూడలేదు.

"ఏందే నీ కథ! మూడు నెలలు బువ్వ బువ్వ అని నా పానం దీసినవ్. గోంగూర అంటివి, మటన్ అంటివి, పైపు జామ్ జేస్తివి. ఇగో, ఇయ్యాల పళ్ళెంల బువ్వ వెట్టి తినవే తల్లీ అంటె పైపు మంచిగున్నదా? ఎవలన్న వింటె నవ్వుతరు. నన్ను సతాయించనీకే పుట్టినవా నువ్వు? నేను నీకు కొడుకునా, పంపు ఆపరేటర్‌నా?"

ఈదమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. చూస్తే పైపు పక్కనుంచి కన్నీళ్ళు ప్లాస్టరు మీదికి కారుతున్నాయి.

"నర్సవ్వ యాదికున్నదా నీకు?" అంది.

"ఎవలు నర్సవ్వ?"

"దవాఖానల నా పక్క మంచం. కోస్గి ఊరామె. నాలెక్కనే గొంతుది. పైపు తీసిండ్రని సంబురంగ నీళ్ళు తాగింది బిడ్డా. ఒక్క గుక్క. పొరవోయింది. దగ్గింది, దగ్గింది, మొఖం నల్లగయింది. మంచం సుట్టు పర్ద గుంజిండ్రు. ఆమె మంచం మీద మర్నాడు వేరెటామె ఉన్నది." ఈదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకోబోయి, పైపు తగిలి ఆగింది. "ఆనాడే అనుకున్న, ఇగ నా గొంతుల మెతుకు దిగదు అని. నోటితోని తినేది ఇగ లేదు గద, పైపులనన్న అన్నీ పోపిచ్చుకుందమని గోంగూర అన్న, మటన్ అన్న. మీరేమొ ఇప్పుడు మింగుమంటున్నరు. చెంచ నోటికాడికి రాంగనే నాకు గా పర్దనే గానొస్తాంది."

ఎల్లేశం మంచం పట్టె మీద కూర్చున్నాడు. నల్గొండలో ఆమె పళ్ళు బిగబట్టింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. జాలి వేసింది. జాలి వెనకే మళ్ళీ కోపం కూడా వచ్చింది, ఆపుకోలేకపోయాడు.

"గీ ముచ్చట మూడు నెల్లసంది ఎందుకు జెప్పలేదే?"

"జెప్తె నువ్వు పరేషాన్ అయితవని."

"ఇప్పుడు పరేషాన్ గాకుంటున్ననా నేను!"

ఆ మాటకు ఏడుస్తున్నది కాస్తా నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా అతను వీపు రాస్తూ కూర్చున్నాడు. బయటినుంచి జానయ్య, "ఏమాయె?" అని అడిగాడు. "ఏం గాలే మామా, కూసో," అన్నాడు ఎల్లేశం.

మర్నాడు దుకాణం మూసేసి ఆమెను మళ్ళీ హైదరాబాద్ తీసుకుపోయాడు. మింగడం నేర్పే మేడమ్‌కు నర్సవ్వ సంగతంతా చెప్పించాడు. ఆ మేడమ్ తొందరపడలేదు. నర్సవ్వకు ఏం జరిగిందో తనకు తెలియదని, ఈదమ్మ గొంతు మాత్రం తాను వేళ్ళు పెట్టి చూశానని చెప్పింది. నీళ్ళు పలుచన కాబట్టి పొర పోయి ఊపిరిగొట్టంలోకి దిగుతాయని, చిక్కటిది నెమ్మదిగా జారుతుందని, అందుకే ముందు పెరుగు, నీళ్ళు చివరన అని బొమ్మ గీసి చూపించింది. పొర పోయినా దగ్గడం మంచిదేనని, దగ్గే కాపలా కాస్తుందని చెప్పి, గట్టిగా దగ్గడం నేర్పించింది. పెరుగు ఆరు చెంచాలు తన ముందే మింగించింది. నాలుగోదానికి దగ్గు వచ్చింది. ఎల్లేశం లేచి నిలబడ్డాడు. ఈదమ్మే చెయ్యెత్తి ఆగమంది. గట్టిగా దగ్గి, గొంతు సర్దుకుని, ఐదోది అందుకుంది.

ఆ తర్వాత కూడా అంతా సాఫీగా జరగలేదు. ఒక పూట తింటే రెండు పూటలు వద్దనేది. జావ చిక్కగా ఉందని ఒకరోజు, చాలా చిక్కగా ఉండాలి కదా అని ఇంకోరోజు గొడవ పెట్టేది. పది చెంచాలకు ముప్పావు గంట పట్టేది. ఉమ్మి ఊరక నోరు పిడచకట్టుకుపోయేది. మెతుకు అంగిలికి అతుక్కుంటే ప్రపంచంలో ఉన్న తప్పంతా స్వరూప వంటలోనే ఉందనేది. స్వరూప ఒకరోజు గంటె కింద పెట్టి, "అత్తమ్మా, రేపటిసంది మీరే వండుకోండ్రి," అంది. ఆ మర్నాడు ఈదమ్మ నిజంగానే పైపుతోనే పొయ్యి దగ్గరికి వచ్చి, పీట వేసుకుని, సొరకాయ ఎట్లా ఉడకాలో దగ్గరుండి చెప్పింది. చెప్పినంతసేపూ స్వరూప మొగుడి వైపు చూస్తూనే ఉంది. ఆ సొరకాయ మెదిపిన అన్నం ఈదమ్మ పదహారు చెంచాలు తిన్నది. రుచి ఏమీ తెలియలేదట. కానీ ఉడుకు బాగా కుదిరిందని తనను తానే మెచ్చుకుంది.

జూన్ రెండోవారంలో పైపు తీశారు. నోటితో తింటూ బరువు తగ్గకుండా రెండు వారాలు ఉన్నదని చూశాకే తీశారు. తీసేటప్పుడు ఒక్క క్షణమే పట్టింది. ఈదమ్మ చెంప మీద ప్లాస్టరు ఉన్నచోట తెల్లని చార మిగిలింది. అద్దం అడిగి చూసుకుని, "ముసల్దాన్నయిన," అంది.

ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం గిన్నెలో అన్నం, చారు మెత్తగా కలుపుకుని గడప దగ్గర కూర్చుంది. ఎల్లేశం ఒక మోటరు మధ్యలో వదిలేసి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఆమె గడ్డం వంచింది, మింగింది. అతని గొంతు కూడా ఆమెతోపాటు గుటక వేసింది. రెండో ముద్ద, మూడో ముద్ద. గిన్నె పక్కన పెట్టి ఆమె తలెత్తింది.

"ఏందిర?"

"ఏం లేదు. తిను."

"నువ్వు గట్ల గుడ్లప్పగించి సూస్తుంటె మెతుకు ఎట్ల దిగుతది? పో, పోయి నీ పని సూస్కో. ఎంతమంది కూసున్నరో ఆడ."

"గడ్డం వంచు."

"వంచుతున్న, పోరా!"

అతను దుకాణంలోకి పోయి స్టూలు మీద కూర్చుని, వదిలేసిన కాయిల్ చేతిలోకి తీసుకున్నాడు. ఎన్ని చుట్లు వేశాడో మర్చిపోయాడు. విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టాడు. లోపలినుంచి చిన్న దగ్గు వినిపించింది. చెయ్యి ఆగింది. కాసేపటికి "సైదికి ఫోన్ జెయ్యి, మూడు ముద్దలు తిన్న అని జెప్పు," అని ఈదమ్మ కేకేసింది.